పద్దెనిమిది మీటర్లు చాలవా?

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"విశ్రాంత జీవితంలో నేను నేర్చిన కొత్త విద్య" అనే విషయం మీద కాసేపు మాట్లాడమని కార్యదర్శి గారు ఉత్తరం రాశారు. నాకు ముందు మాట్లాడిన మిత్రుల్లో ఒకరు హోమియో వైద్యం గురించి, ఇంకొకరు మేడ మీద కూరగాయలు పెంచడం గురించి చెప్పారు. రెండూ ఇంటికి పనికొచ్చే విద్యలే. నాది అలాంటిది కాదు. వీపుకి గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగుకి వెళ్ళి చేపల్ని చూసి రావడం. దీన్ని స్కూబా డైవింగ్ అంటారు. ముప్పై ఏళ్ళకు పైగా అకౌంట్స్ సెక్షన్లో కూర్చుని ఇతరుల బిల్లుల్లో లోతుపాతులు వెతికినవాణ్ణి, రిటైరయ్యాక నిజంగానే లోతులోకి దిగాను.

అయితే నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఆ గొప్ప కాదు. ఆ విద్యలో రెండో మెట్టు ఎక్కాలా వద్దా అని ఎనిమిది నెలలు తర్జనభర్జన పడ్డాను. ఆ ఎనిమిది నెలల్లో నేను దిద్దుకోవలసిన పాత లెక్కలు రెండు బయటపడ్డాయి. వాటి సంగతి చెబుతాను.

ముందు మొదటి మెట్టు. రిటైరైన మరుసటి ఏడు, అంటే నాకు 61 ఏళ్ళప్పుడు, మా అబ్బాయి మమ్మల్నిద్దర్నీ అండమాన్ తీసుకెళ్ళాడు. 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చిన హేవ్‌లాక్ దీవిలో వారం రోజులున్నాం. అబ్బాయి డైవింగ్ నేర్చుకోవడానికి పేరిస్తుంటే, "నాకూ ఈత వచ్చు కదరా" అన్నాను. చిన్నప్పుడు ఊరి చెరువులో నేర్చిన ఈత. వాళ్ళు పెట్టిన పరీక్ష రెండు వందల మీటర్లు ఆగకుండా ఈదడం, పది నిమిషాలు నీళ్ళ మీద తేలడం. వేగంతో పని లేదు. నెగ్గాను. నాలుగు రోజుల శిక్షణ తరువాత "ఓపెన్ వాటర్ డైవర్" అని కార్డు ఇచ్చారు. ఇచ్చిన సంస్థ పేరు పాడి. పాడి పశువులతో సంబంధం లేదు, 1966లో అమెరికాలో మొదలైన డైవింగ్ శిక్షణ సంస్థ అది. ఆ కార్డు ఉన్నవాడు 18 మీటర్ల లోతు దాకా వెళ్ళవచ్చు.

అక్కడ ఏం చూశానంటే ఒక్క సంగతి చెబుతాను. చిలక చేప అని ఒకటుంది. పచ్చగా, ముక్కు చిలక ముక్కులా ఉంటుంది. అది పగడపు రాయిని కొరుకుతుంటే, మనవడు పక్కన కూర్చుని చేగోడీలు నములుతున్నట్టు చప్పుడు వినిపిస్తుంది. నీళ్ళ కింద అంత నిశ్శబ్దంలో ఆ కరకరలాడే చప్పుడు విని నాకు ముసుగులోనే నవ్వొచ్చింది. నవ్వితే ముసుగులోకి నీళ్ళొస్తాయి. వచ్చాయి.

కోర్సు అయిపోయాక మర్నాడు సరదాగా ఇంకో డైవ్ చేశాం. అక్కడ ఒక తాబేలు కనిపించింది. దాని వెనకే పోయాను. నిదానంగా వాలు దిగుతోంది, నేనూ దిగుతున్నాను. ఇన్‌స్ట్రక్టరు వచ్చి భుజం తట్టి, బొటనవేలు పైకి చూపిస్తే అప్పుడు చేతికున్న మీటరు చూసుకున్నాను. 21 మీటర్లు. గాలి ముల్లు నేననుకున్న దానికన్నా బాగా కిందికి పడిపోయింది. రొప్పుతున్నాను. పైకి వస్తూ 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఆ మూడు నిమిషాలు ఆ ముల్లు వంకే చూస్తూ గడిపాను. పడవ ఎక్కాక తలనొప్పి. ఎవరికీ చెప్పలేదు. ఆ కుర్రాడు మాత్రం మర్యాదగానే, "సార్, మీరు అడ్వాన్స్‌డ్ కూడా చేసెయ్యండి, అప్పుడు 30 మీటర్ల దాకా వెళ్ళవచ్చు" అన్నాడు.

అడ్వాన్స్‌డ్! ఆ మాట మనలాంటివాళ్ళ చెవికి ఎలా వినిపిస్తుందో మీకు తెలుసు. సీనియర్ గ్రేడ్, సెలెక్షన్ గ్రేడ్ లాగా వినిపిస్తుంది. రిటైరయ్యాక కూడా ఒక ప్రమోషన్ మిగిలి ఉందా అని మనసు ఊగింది. మూడేళ్ళపాటు ఊగుతూనే ఉంది. కిందటి ఏడు అబ్బాయి ఫోను చేసి, "నాన్నా, ఇద్దరం కలిసి అడ్వాన్స్‌డ్ చేద్దాం, ఫిబ్రవరికి పేర్లిమ్మంటావా?" అన్నాడు. అక్కడి నుంచి మొదలైంది అసలు కథ.

అకౌంట్స్ వాణ్ణి కనుక ముందు ఆ కోర్సులో ఏముందో చూశాను. పేరుకి అడ్వాన్స్‌డ్ గానీ ఉన్నది అయిదు డైవ్‌లు. అందులో రెండు తప్పనిసరి. ఒకటి లోతు డైవ్, రెండోది దిక్సూచి పట్టుకుని నీళ్ళ కింద దారి తెలుసుకోవడం. మిగిలిన మూడు మన ఇష్టం. నీళ్ళలో మునగకుండా తేలకుండా నిలకడగా ఉండడం, చేపల్ని గుర్తుపట్టడం, రాత్రి డైవ్, ఇలాంటివి. అంటే ఇది డిగ్రీ మీద ఎం.ఏ. కాదు. డ్రైవింగ్ లైసెన్సు వచ్చాక ఘాట్ రోడ్డు మీద మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని తిరిగినట్టు.

తరువాత లెక్క వేశాను. నీళ్ళలో ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. గట్టు మీద ఒకటి ఉంటే 10 మీటర్ల దగ్గర రెండు, 18 దగ్గర దాదాపు 2.8, 30 దగ్గర నాలుగు. పీడనం ఎన్ని రెట్లయితే ఒక్కో శ్వాసకి సిలిండరులో గాలి అన్ని రెట్లు ఖర్చు. సిలిండరులో సుమారు 2,200 లీటర్ల గాలి పడుతుంది. అందులో నాలుగో వంతు రిజర్వు, ముట్టుకోకూడదు. మిగిలేది 1,650. గట్టు మీద నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అది 10 మీటర్ల లోతులో నలభై నిమిషాలు వస్తుంది, 18లో ముప్పై లోపు, 30లో ఇరవై. రొప్పితే ఇంకా తక్కువ. రాబడి ఒకటే, ఖర్చు నాలుగింతలు. ఈ లెక్క పింఛనుదారులకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

గాలి కన్నా పెద్ద లెక్క నైట్రోజన్‌ది. పీడనం కింద పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లోకి ఇంకుతుంది. మెల్లగా పైకి వస్తే మెల్లగా బయటికి పోతుంది. గబగబా వస్తే, సోడా సీసా మూత తీసినట్టు ఒంట్లోనే బుడగలు కడుతుంది. కీళ్ళ నొప్పులతో మొదలై పక్షవాతం దాకా పోవచ్చు. అమెరికాలో బ్రూక్లిన్ వంతెన పునాదులు తవ్వేటప్పుడు, పీడనం పెట్టిన గాలిగదుల్లో దిగి పనిచేసినవాళ్ళకి ఈ జబ్బే వచ్చింది. ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ 1872లో మంచం పట్టాడు. ఆయన భార్య ఎమిలీ ఆయన సూచనలు మోసుకెళ్తూ పని నడిపించింది. 1883లో వంతెన ప్రారంభమైంది. ఈ కథ మా ఆవిడకి చెబితే, "ఆ వంతెన ఎవరు కట్టించారో చూశారా?" అంది.

1908లో హాల్డేన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు బ్రిటిష్ నౌకాదళం కోసం మేకల మీద పరీక్షలు చేసి, ఎంత లోతు నుంచి ఎక్కడెక్కడ ఆగుతూ పైకి రావాలో పట్టికలు వేశారు. ఇప్పటి పట్టికలకూ చేతి కంప్యూటర్లకూ మూలం అదే. నాకు నేర్పిన పట్టిక ప్రకారం, మధ్యలో తప్పనిసరి మజిలీలు లేకుండా నేరుగా పైకి రావాలంటే మొదటి డైవ్‌లో 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలు ఉండవచ్చు. 30 మీటర్ల దగ్గర 20 నిమిషాలే.

ఇరవై నిమిషాలు! ఆ అంకె చూడగానే నా చెయ్యి ఆగిపోయింది. ఆ అంకె నేను అంతకు ముందు ఒక బిల్లు మీద చూశాను.

1994 ప్రాంతంలో సంగతి. మన రేవు బయట ఓడలు లంగరు వేసే చోట ఒక లంగరు గొలుసుతో సహా తెగి అడుగున పడింది. మన డైవర్లు దిగి వెతికారు. వాళ్ళ పెద్దని అందరం మేస్త్రి అనేవాళ్ళం, మీలో చాలామందికి గుర్తుండే ఉంటారు. అయిదు రోజుల డైవింగ్ భత్యం బిల్లు నా టేబుల్ మీదికి వచ్చింది. లాగ్ చూస్తే రోజుకి నీళ్ళ కింద ఉన్నది ఇరవై నిమిషాలు. "ఇరవై నిమిషాల పనికి పూర్తి రోజు భత్యం ఎలా సమర్థనీయం?" అని ఎర్ర సిరాతో రాసి వెనక్కి పంపాను. మేస్త్రి స్వయంగా వచ్చి నిలబడ్డారు. "బాబూ, నీటి కింద గంట గట్టు మీద గంట కాదు బాబూ. అంతకన్నా ఉంటే మనిషి మిగలడు" అన్నారు. "అలా అని రూల్లో ఎక్కడుంది?" అన్నాను. బిల్లు పాసయ్యేసరికి రెండు నెలలు పట్టింది. మధ్యలో సంక్రాంతి వెళ్ళిపోయింది.

రూల్లో ఉంది. పట్టిక రూపంలో ఉంది. నేను అడగలేదు, చదవలేదు. అది నా మొదటి పాత లెక్క.

రెండోది ఇంకా దగ్గరిది. కోర్సులో చేరేముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపాలి. మనం ఏటా నవంబరులో బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇస్తాం కదా, ఇది బతికి బయటపడగలమా అని అడిగే ఫారం. 45 ఏళ్ళు దాటినవాళ్ళని రక్తపోటు ఉందా, కొలెస్ట్రాల్ ఉందా అని ప్రత్యేకంగా అడుగుతారు. ఒక్కదానికి అవునన్నా డాక్టరు సంతకం కావాలి. నాకు 56వ ఏట నుంచి బి.పి. ఉంది, రోజూ మాత్ర వేసుకుంటాను. అండమాన్‌లో ఆ ప్రశ్నకి నేను "లేదు" అని రాశాను. ఆ దీవిలో డాక్టరు కోసం తిరిగితే బ్యాచ్ తప్పిపోతుందని, అబ్బాయి ముందు చిన్నతనమని రాశాను.

తప్పుడు మెడికల్ సర్టిఫికెట్లు పట్టుకుని ఎందరి సెలవులో జీతం లేని సెలవులుగా మార్చినవాణ్ణి నేను. నా చేత్తో నేను తప్పుడు పద్దు రాశాను. మూడేళ్ళు ఎవరికీ తెలియదనుకున్నాను. కొత్త ఫారం టేబుల్ మీద పెట్టుకుని కూర్చుంటే మా ఆవిడ కాఫీ తెచ్చి పెట్టి, "ఏవండీ, అప్పుడు ఆ కాగితంలో మాత్రల సంగతి రాశారా?" అని అడిగింది. మాత్రలు సర్దింది తనే కదా. నేను మాట్లాడలేదు. "మీరు కిందికి వెళ్ళారు. నేను పడవలో కూర్చుని బుడగలు చూస్తూ ఉన్నాను. ఏ బుడగలు ఎవరివో తెలియలేదు" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. ఆ మాటతో ఫారం మీద "అవును" అని రాసి గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

డాక్టరు ఇ.సి.జి., ఎకో, ట్రెడ్‌మిల్ చేయించారు. బి.పి. అదుపులోనే ఉందన్నారు. ఒంటిని నీళ్ళలో ముంచితే కాళ్ళూ చేతుల్లోని రక్తం ఛాతీ వైపు చేరుతుందని, గుండెకి పని పెరుగుతుందని, దాని మీద ఎదురీత, కంగారు తోడైతే ఇంకా పెరుగుతుందని వివరించారు. కాస్త పెద్ద వయసు డైవర్ల మరణాల్లో గుండెజబ్బుది పెద్ద వాటా అని కూడా చెప్పారు. "సంతకం పెడతాను. అది ఈ రోజు పరీక్షల మీద. నీళ్ళలో అలసట అనిపిస్తే ఆపడం మీ పని" అన్నారు. 21 మీటర్ల దగ్గర తాబేలు వెనక రొప్పుకుంటూ పోయినవాడికి ఆ మాట గట్టిగా తగిలింది.

సంతకం చేతిలో పడింది. అయినా మనసు తేలలేదు. అప్పుడు మేస్త్రిని వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయనకి ఇప్పుడు ఎనభై దాటాయి. తీరం వెంబడి ఒక పల్లెలో కొడుకు దగ్గర ఉంటున్నారు. మోకాళ్ళు, భుజాలు బాగా లేవు. వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టి టీ ఇప్పించారు. నేను ఆ బిల్లు సంగతి ఎత్తి, తప్పు నాదేనని చెప్పాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. లోపల్నుంచి ఆయన భార్య, "ఆ యేడు పిల్లలకి బట్టల్లేవు బాబుగారూ, నాకు గ్యాపకమే" అంది. నేను తల దించుకున్నాను. క్షమాపణ అనేది ఆలస్యంగా చెల్లించే బకాయి, దాని మీద వడ్డీ ఎవరూ కట్టలేరు.

తరువాత నా సందేహం చెప్పాను. 30 మీటర్లకి వెళ్ళాలా వద్దా అని. మేస్త్రి చాలాసేపు ఆలోచించారు. "మాకు లంగరు అక్కడ పడింది గనక దిగాం బాబూ. మీకక్కడ ఏటి పడిపోయింది?" అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చి రాత్రంతా వెతికినా దొరకలేదు. చూడాలనుకున్న చేపలు, పగడాలు ఎక్కువగా వెలుతురు పడే లోతులోనే ఉన్నాయి. దిగేకొద్దీ ముందు ఎరుపు రంగు మాయమవుతుంది. 15 మీటర్ల దగ్గరే నా చేతికున్న ఎర్ర తోరం బూడిదరంగులో కనిపించింది. 30 మీటర్ల దగ్గర కొందరికి నైట్రోజన్ వల్ల కల్లు తాగినట్టు మత్తు కమ్ముతుంది, లెక్క తప్పుతుంది. పైకి రాగానే పోతుంది గానీ, లెక్క తప్పాక పైకి రావాలని తోచడమే కదా కష్టం. నాకు అక్కడ పడిపోయినది ఏదైనా ఉంటే, అది కార్డు మీద "అడ్వాన్స్‌డ్" అనే మాట ఒక్కటే.

అలాగని నేర్చుకోవలసింది లేదా? ఉంది. నాకు తెలియనిది లోతు కాదు, నిలకడ. తాబేలు వెనక పోకుండా ఉండడం, మీటరు చూసుకోవడం, మెల్లగా ఊపిరి తీయడం, వచ్చిన దారి గుర్తుపెట్టుకోవడం. ఇవన్నీ 12 మీటర్ల దగ్గర కూడా నేర్చుకోవచ్చు. కోర్సు కాగితాలు మళ్ళీ చదివితే ఒక దారి కనిపించింది. అయిదు డైవ్‌లలో ఏవైనా మూడు చేస్తే "అడ్వెంచర్ డైవర్" అని ఇస్తారు. అందులో లోతు డైవ్ తప్పనిసరి కాదు. తరువాత ఎప్పుడైనా మిగతా రెండూ పూర్తి చేస్తే, ఈ మూడూ అడ్వాన్స్‌డ్‌లోకి జమవుతాయి. సర్వీసు పోదన్నమాట.

అందుకని నా నిర్ణయం ఇది. వచ్చే ఫిబ్రవరిలో ముందు పాత పాఠం తిరగేసే రిఫ్రెషర్, ఆ తరువాత నిలకడ డైవ్, దిక్సూచి డైవ్, చేపల డైవ్. లోతు డైవ్ లేదు. అబ్బాయి అయిదూ చేస్తాడు, వాడి వయసు వేరు, గుండె వేరు. నేను 30 మీటర్ల ఫైలు మూసెయ్యలేదు, పెండింగులో పెట్టాను. కానీ దాన్ని కదిలించాలంటే మేస్త్రి అడిగిన ప్రశ్నకి జవాబు జతపరచాలి. మా ఆవిడ ఒప్పుకుంది, ఒక షరతు మీద. నా సిలిండరుకి పసుపు రిబ్బను కట్టాలట, దిగేటప్పుడూ పైకి తేలేటప్పుడూ పడవలోంచి నన్ను గుర్తుపట్టడానికి.

మీలో ఎవరికైనా ఈ సరదా కలిగితే నాలుగు మాటలు. ఇప్పుడు విశాఖలో ఋషికొండ తీరంలో కూడా డైవింగ్ చేయిస్తున్నారు. ఒకటి, ఫారంలో నిజం రాయండి, బయల్దేరక ముందే ఇంటి దగ్గర డాక్టరుకి చూపించుకోండి. రెండు, మెడిక్లెయిము పాలసీ తీసి చదవండి. చాలా పాలసీల్లో సాహస క్రీడలు మినహాయింపు కింద ఉంటాయి. మూడు, ప్రమాదం జరిగితే పీడనపు గదిలో పెట్టి వైద్యం చేసే ఆస్పత్రి ఎంత దూరంలో ఉందో ముందే అడగండి. నాలుగు, ఒకటి కన్నా ఎక్కువ డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు గడిచాకే విమానం ఎక్కండి. టిక్కెట్లు కొనేటప్పుడే ఇది చూసుకోవాలి.

ఇక చివరిగా ఒక విన్నపం. మన దగ్గర పనిచేసిన డైవర్లు, ఖలాసీలు ఇంకా కొందరు ఉన్నారు. ఈ సభలకి రారు, రమ్మని మనం గట్టిగా పిలవం. వచ్చే ఏడు సమావేశంలో ఈ మైకు ముందు మేస్త్రిని కూర్చోబెట్టాలని కార్యదర్శి గారిని కోరుతున్నాను. కారు నేను తీసుకెళ్తాను. ఆ ఖర్చుకి బిల్లు పెట్టనని కూడా హామీ ఇస్తున్నాను.